హార్లన్ క్రైడర్ న్యూజెర్సీ లంఘనము

మొక్కజొన్న పొలములు కోతలు ముగిసి మోడులతో మిగిలియుండ, ఎఱ్ఱని ధాన్యపుకొట్టముల పైకప్పులపై తొలిమంచు వెండిపూత పూయుచుండ, మరునాటి ఉషఃకాలమున వెర్మాంటు అడవులలో జింకల వేట మొదలగునన్న వార్త ఆ జింకలకు తప్ప ఎల్లరకును తెలిసియుండ, అట్టి నవంబరు మాసపు శుక్రవారమున, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి కుట్జ్‌టౌన్ పురమున, ట్రాక్టరుమరమ్మతువిద్యావిశారదుడును, ఉభయజానువేదనాధురంధరుడును అగు హార్లన్ క్రైడర్ తన పాత నీలికారు డిక్కీ యెదుట నిలిచి, సమరమునకు వెడలు రథికుని వలె దీర్ఘనిశ్వాసము విడిచెను. ధర్మపత్ని వర్నా చలికి చేతులు రుద్దుకొనుచు పక్కనే యుండెను.

"ఇంకెన్ని తాళాలయ్యా? మన ఇంటికి కూడా ఇన్ని లేవు!"

"నీకేం తెలుసే. దారిలో న్యూజెర్సీ ఉంది."

ఆ డిక్కీలో పవళించియున్నది హార్లన్ తండ్రిగారి వేటతుపాకి. ఆ తండ్రికి ఎస్తేర్ అను కూతురొకతె కలదు. తండ్రియు అన్నయు వేటకు వెడలునప్పుడెల్ల వంటింటి కిటికీలోనుండి చేయి ఊపుటయే పాపము ఆమె వంతు. "నేనూ వస్తా నాన్నా" అన్నచో, "అది బరువమ్మా, నువ్వు మొయ్యలేవు" అని ఆ పెద్దమనిషి తేల్చివేసెడివాడు. వెర్మాంటుకు కాపురమేగి, భర్తను కాటికి సాగనంపి, మనుమలను ఎత్తిన ఆ ఎస్తేర్ ఈ ఏట వేటపరీక్షలో నెగ్గి లైసెన్సు సంపాదించినది. అన్నకు ఫోను చేసి, "నాన్న తుపాకీతో ఒక్కసారి, అన్నయ్యా. రేపటికి తేగలవా?" అని అడిగినది. హార్లన్ మఱుక్షణమే తెత్తునని మాట యిచ్చెను.

మాట యిచ్చుట సులభమే! ఈ దేశమున తుపాకీధర్మము ఒక్కటి కాదు గదా. పెన్సిల్వేనియాకును న్యూజెర్సీకిని సరిహద్దగు డెలావేర్ నదికి ఈవలి ఒడ్డున గోడకు వేలాడు వస్తువు, వంతెన దాటినంతనే కాగితములడుగు వస్తువగును. దాటిపోవు బాటసారికి కేంద్రచట్టమొక కవచము నొసగినది: తూటా ఉండరాదు, చేతికందరాదు, ఊరక తిష్ఠ వేయరాదు. న్యూజెర్సీని తాకని కొండలదారిన పోయినచో ఈ బెడదే లేదు, కాని ఆ దారిని మంచు మూసివేసెను. పైగా పినతండ్రి కొడుకు ఎల్వుడ్, వెనుకసీటులో కోటు క్రింద తుపాకి నుంచుకొని న్యూజెర్సీలో పట్టుబడి, దానిని తిరిగి పొందుటకు వకీలు వెంట ఏడాది తిరిగినవాడు. ఆ గాథ ప్రతి పండుగనాడును క్రైడర్ వంశీయుల భోజనబల్లపై వడ్డింపబడుచునే యుండును.

కావున హార్లన్ తుపాకిని పెట్టెలో నుంచి, పెట్టెను డిక్కీలో నుంచి, తాళములు బిగించి, చెల్లెలికై తెచ్చిన ఆపిలుపండ్ల బుట్టలతో వెనుకసీటు నిండిపోయినందున, వర్నా తెల్లవారకముందే లేచి సిద్ధపరచిన భోజనపుపెట్టెను సైతము తుపాకీపెట్టె పైననే యదిమి, మూత దభాలున మూసి బయలుదేరెను. అయ్యో హార్లన్! ఎంతటి బుద్ధిమంతునికైనను ఏదో ఒక మూల మతి జారును.

వంతెన దాటిరి. వర్నా వెనుకకు తిరిగి ఆపిలుబుట్టల నడుమ చేతితో వెదకెను.

"హార్లన్, అన్నం పెట్టె ఏది?"

హార్లన్ దారిపైననే చూపు నిలిపి కారు నడిపెను.

"డిక్కీలో పెట్టావా?"

"...పెట్టాను."

"బొలోనా మాంసం శాండ్‌విచ్‌లూ?"

"అవీ అందులోనే."

"బీట్రూటు రసంలో ఊరేసిన గుడ్లూ? ఓరి దేవుడా! సరే, ఎక్కడైనా పక్కకి ఆపి తియ్యి."

అప్పుడా వీరుడు చక్రమును రెండు చేతుల బిగించి, మీసము అదరగా పలికెను: "వర్నా, ప్రాణం పోయినా సరే, న్యూజెర్సీ గడ్డ మీద ఈ డిక్కీ తెరవను! వెర్మాంటు చేరేదాకా తెరవను! తెరిచానా, ఎవడో చూస్తాడు. చూశాడా, అడుగుతాడు. అడిగాడా, ఎల్వుడ్ గతే నాకూ. రేపు పొద్దున ఎస్తేర్‌కి ఏం మొహం చూపించను?"

"ఎల్వుడ్ సంగతి దేవుడెరుగు, ముందు నా కడుపు సంగతి చూడు," అని వర్నా మొగము తిప్పుకొనెను.

అంతట ఆకలి తన సేనలను మోహరించెను. ముందుగా చిఱుగుడగుడలు నడచినవి. వాని వెనుక మహాగర్జనలు వచ్చినవి. రహదారి పొడవునను నిలిచిన ఫలకములపై వేయించిన కోడి, కాల్చిన మాంసము, వెన్న జారు రొట్టె చిత్రరూపములు దాల్చి ఆ దంపతులను పిలిచినవి. హార్లన్ చలింపలేదు. అయితే దారిలోని ఒక గుంతలో కారు ఎగిరిపడినంతనే, ఎదుటి పలకపై ఎఱ్ఱనిదీపము వెలిగెను. డిక్కీ సరిగా మూసికొనలేదని ఆ దీపమునకు అర్థము.

"అదుగో," అనెను వర్నా. "డిక్కీకే జాలేసింది మన మీద."

పెట్రోలు కూడ అడుగంటెను. బంకులో ఆపక తప్పలేదు. న్యూజెర్సీలో పెట్రోలు ఎవరికి వారు పోసికొనుట కూడదు గదా; కెమాల్ అను బంకు కుఱ్ఱవాడు గొట్టము చేతబూని వచ్చెను.

"పెద్దాయనా, డిక్కీ నోరు తెరుచుకుంది. ఒకసారి ఎత్తి గట్టిగా వేసేస్తాను, ఉండండి."

"ఎత్తొద్దు!" అని అరచుచు హార్లన్ మోకాళ్ళనొప్పి మఱచి కారునుండి ఎగిరిదూకెను. ఎత్తినచో తెరచినట్లే, తెరవనిచో మూయలేము, మూయనిచో తాళము లేనట్లే! ఇట్టి ధర్మసంకటము ఏ శాస్త్రమున చెప్పబడినది? వీరుడు క్షణకాలము యోచించి, వెనుకకు తిరిగి, అనేకసంవత్సరభోజనసంచితమగు తన పృష్ఠభాగమును డిక్కీమూతపై ప్రతిష్ఠించెను. మూత దిగెను. లేచినంతనే మూతయు లేచెను. మరల కూర్చుండెను. మరల లేచెను. కెమాల్ గొట్టమును మఱచి చూచుచుండెను.

"ఓసి డిక్కీ!" అని హార్లన్ ఊగుచు గర్జించెను. "ఇరవై ఏళ్ళు నిన్ను కడిగాను, తుడిచాను! ఇవాళే దొరికిందా నీకు పగ తీర్చుకోడానికి? మూసుకోవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా!"

అంతలో కాఫీకై వచ్చిన పోలీసధికారి, పేరు పెట్రూచి, ఆ యుద్ధరంగమును గాంచి మెల్లగా సమీపించెను. హార్లన్ మొగము సున్నమువలె తెల్లబోయెను.

"సార్, బాగానే ఉన్నారా? దాని మీద ఎందుకు కూర్చున్నారు?"

"ఊరికే... గాలి పీల్చుకుందామని."

"బాబూ," అని వర్నా కిటికీలోనుండి తల బయటపెట్టెను, "ఆయనకి అబద్ధం రాదు. డిక్కీలో వాళ్ళ నాన్న తుపాకీ ఉంది. వెర్మాంటులో వేటకి తీసుకెళ్తున్నాం. దాని మీద మా అన్నం కూడా ఉంది. నాకు ఆకలేస్తోంది."

హార్లన్ కన్నులు మూసికొనెను. ఎస్తేర్ కిటికీ వద్ద నిలిచి చేయి ఊపుచున్నట్లు కానవచ్చెను.

"తూటాలున్నాయా అందులో?"

"లేవండి."

"పెట్టెకి తాళం?"

"రెండు."

"ఇక్కడ మకాం ఏమైనా ఉందా?"

"పెట్రోలు పోయించుకోగానే పోతాం, ఆఫీసర్ గారూ."

"మరింకేం? చట్టం తుపాకీ చేతికందకూడదంది, శాండ్‌విచ్ కాదు. తీసుకుని తినండి, అమ్మగారు నీరసించిపోయారు," అని పెట్రూచి డిక్కీ ఎడమమూలను అరచేతితో ఒక్కటి చఱచెను. మూత టక్కున మూసికొనెను. ఎదుటి దీపము ఆరెను.

"ఇప్పుడు తీస్తావా?" అనెను వర్నా ఆశతో.

హార్లన్ డిక్కీని చూచెను, భార్యను చూచెను. "ఇప్పుడేగా మూసుకుంది, వర్నా," అనెను దీనముగా. "మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూసుకుంటుందా?"

పెట్రూచి నవ్వాపుకొనుచు తన సంచిలోని డోనట్‌ను వర్నా చేతిలో నుంచెను. ఆ సాధ్వి దానిని న్యూజెర్సీ సరిహద్దు వచ్చువఱకు, చిన్నచిన్న ముక్కలుగా, భర్త చూచుచుండగా, పంచదారపొడి సైతము వదలక భక్షించెను. అడిగినవాడు లేడు, పెట్టినదియు లేదు.

న్యూయార్క్ రాష్ట్రమంతయు ఆ వీరుడు ఆకలితో దాటెను. ప్రొద్దుగ్రుంకువేళకు "వెర్మాంటునకు స్వాగతము" అను పచ్చని పలక కనబడెను. దాని ఆవలి విశ్రాంతిస్థలమున నారింజరంగు వేటటోపీ ధరించి, ఇంట నిలువలేక ఎదురువచ్చిన ఎస్తేర్ నిలిచియుండెను.

"తెచ్చావా అన్నయ్యా?"

హార్లన్ తాళపుచెవి తీసెను. డిక్కీ తెరచెను. భోజనపుపెట్టెనుండి జారిన గుడ్లసీసా ఒరిగి, తుపాకీపెట్టెపై ఊదారసము ఒలికియుండెను. మూతకు అడ్డుపడిన శత్రువు ఆ సీసాయే. తాళములు విప్పెను. ఎస్తేర్ వంగి, పెట్టెలోనుండియే తుపాకిని రెండు చేతుల కొంచెము పైకెత్తెను. ఎత్తి అట్లే నిలిచిపోయెను.

"ఏమైందే?"

"తేలిగ్గా ఉంది అన్నయ్యా," అనెను. కన్నులలో నీరు నిండెను. "ఇన్నేళ్ళూ బరువేమో అనుకున్నాను."

హార్లన్ చెల్లెలి భుజముపై చేయి వేసెను. వర్నా ముక్కు చీదికొనెను. ఆపై మువ్వురును చలిలో నిలిచి శాండ్‌విచ్‌లపై పడిరి.

"ఒకటుంది చెల్లీ," అనెను హార్లన్ నోరు నిండగా. "ఇది ఈ వేటకాలానికి అరువే. మన రాష్ట్రాలు వేరు, నీకు ఇచ్చెయ్యకూడదు. అయిపోగానే వచ్చి తీసుకెళ్ళాలి. చట్టం."

"సరే. మళ్ళీ ఏడాది మళ్ళీ తెస్తావు."

హార్లన్ నమలుట ఆపెను. న్యూజెర్సీ సమస్తమును ఆయన కన్నుల యెదుట, పోను ఒకసారియు, రాను ఒకసారియు, పరచుకొనెను.

"తెస్తాడు," అనెను వర్నా. "అన్నం పెట్టె మాత్రం నా ఒళ్ళో."

ఎల్ల జనులును విందురు గాక! ఆడువారిద్దరును తినగా మిగిలిన అరశాండ్‌విచ్‌ను, ఒక ప్రక్క ఊదారసముతో తడిసినదానిని, నాలుగు రాష్ట్రముల ధర్మమునకును భంగము రానీయక, వెర్మాంటు గడ్డపై నిలువుకాళ్ళ నిలిచి, హార్లన్ క్రైడర్ సంపూర్ణముగా భుజించెను.