అధ్యక్షురాలి భర్తా, ఆరు బ్యాటరీలూ

కొడిమ్యాల మండలంలోని ఒక ఊరి మహిళా డ్రోన్ సంఘానికి పరశురాములే అధ్యక్షుడన్న సంగతి అందరికీ తెలిసిందే. కాగితాల్లో ఆ పదవి ఆయన భార్య రాణిది. అయితే కాగితాలు చదివే దురలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. సంతకాలు రాణి పెట్టేది, శాలువాలు ఆయన కప్పుకునేవాడు. పనిని ఇంత చక్కగా పంచుకునే దంపతులు ప్రతి మండలంలోనూ ఉండబట్టే దేశం సాఫీగా నడుస్తోంది.

పొలాలపై మందు కొట్టే ఆ డ్రోన్ నడపవలసింది మంజుల. పదేళ్ళు బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు మొద్దుబారాక, హైదరాబాద్ వెళ్ళి శిక్షణ పొంది పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. మళ్ళీ ఆ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చోకూడదన్నది ఆమె ఏకైక ఆశయం. ఇది కాస్త అతిగా తోచినా, ఊరు ఉదార స్వభావం గలది కనుక సహించింది.

ఏప్రిల్లో డ్రోన్‌తోపాటు ఆరు లిథియం బ్యాటరీలు వచ్చాయి. మంజుల ఆనాడే చెప్పింది.

"అన్నా, పని లేనప్పుడు వీటిని సగం ఛార్జింగ్ మీదనే ఉంచాలె. నిండుగ ఎక్కించి పెడితే ఉబ్బుతయి. ఎండ తాకొద్దు, తడి తాకొద్దు. ఎగిరేసే రోజే నిండుగ ఎక్కించాలె."

పరశురాములు మనసు నొచ్చుకుంది.

"సగమా? ఇంటికచ్చిన సుట్టానికి సగం పళ్ళెం అన్నం పెడ్తమా చెల్లె? ప్రారంభానికి జిల్లా నుంచి పెద్దసారు ఎప్పుడస్తడో ఎర్కలేదు. గప్పుడు సగం జూపెడితే సంఘం ఇజ్జత్ ఏంగావాలె?"

వెంటనే తీర్మానమైంది. 'సంఘ గౌరవ మర్యాదల దృష్ట్యా బ్యాటరీలను సర్వకాల సర్వావస్థలయందు నూరు శాతం నింపి ఉంచవలెను.' రాణి బీడీల చాట పక్కన పెట్టి, పొగాకు దుమ్ము దులుపుకుని సంతకం చేసింది. ఇనప బీరువా తాళంచెవి పరశురాములు మొలతాడుకు చేరింది.

ఆయన ఏమాత్రం అశ్రద్ధ చేయలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, తగ్గిన ఒకటి రెండు శాతాన్నీ స్వయంగా నింపేవాడు. మే నెలలో రేకుల కప్పు కింద బీరువా కాలిపోతుంటే ఆయనకో ఉపాయం తట్టింది. ఇంట్లో రాణి బీడీలు చుట్టే తునికాకు ఎండిపోకుండా తడి గోనె చుట్టి ఉంచుతుంది కదా! ఆకుకు మేలు చేసింది లిథియానికి కీడు చేస్తుందా? ఆరు బ్యాటరీలకూ తడి గోనె కప్పించాడు. పెద్దసారు పర్యటన నాలుగుసార్లు వాయిదా పడింది. ఛార్జింగ్ మాత్రం ఒక్కరోజూ వాయిదా పడలేదు.

మృగశిర వచ్చేసరికి బ్యాటరీల పొట్టలు ముందుకొచ్చాయి. పరశురాములు వాటిని ప్రేమగా తట్టి, "సూసిన్రా, మంచిగ తిన్నయి, ఒంటికి పట్టింది!" అన్నాడు. చూడవచ్చిన పెద్దలు ఆయన పోషణను మెచ్చుకున్నారు. మంజుల ఒక్కతే నాలుగడుగులు వెనక్కి జరిగింది. వాడితే నిప్పంటుకుంటుంది, వాడనంటే ఉద్యోగం పోతుంది.

చివరికి పెద్దసారు వచ్చాడు. ఫ్లెక్సీ మీద పరశురాములు నిలువెత్తున ఉన్నాడు, రాణి తపాలా బిళ్ళంత ఉంది, డ్రోన్‌కు చోటు చాలలేదు. స్త్రీ శక్తి గురించి పరశురాములు ముప్పావుగంట మాట్లాడాడు. ఆ తర్వాత తెలిసింది, ఒంటికి పట్టిన బ్యాటరీ డ్రోన్ గూట్లో పట్టడంలేదని.

"గట్టిగ నెట్టు, పోతది," అన్నాడు పరశురాములు.

"నేను నెట్ట. అంటుకుంటది," అంది మంజుల.

సంఘం అక్కడికక్కడే సమావేశమై, 'బ్యాటరీల పట్ల నిర్లక్ష్యం వహించిన పైలట్‌ను తొలగించడమైనది' అని రాసేసింది. పెద్దసారు కళ్ళద్దాలు సవరించుకుని, "వీటిని భద్రపరిచింది ఎవరు? బాధ్యత అధ్యక్షుడిదే కదా?" అన్నాడు.

పరశురాములుకు ఆ క్షణంలో చట్టం మీద అపారమైన గౌరవం కలిగింది.

"నాకేం సంబంధం సార్? అధ్యక్షురాలు మా ఇంటామె!"

తొలగింపు కాగితం రాణి చేతికిచ్చారు. ఆమె సంతకం పెట్టకుండా, మొదటిసారిగా, చదివింది.

"తప్పు అధ్యక్షురాలిదైతే మంజులనెందుకు తీసేసుడు? నేనే అధ్యక్షురాలినైతే తాళంచెయ్యి నాకియ్యి."

పెద్దసారు ముందు మొలతాడు విప్పక తప్పింది కాదు.

ఉబ్బిన బ్యాటరీలను ఊరి బయట ఇసుకలో పెట్టి, తర్వాత కంపెనీకి అప్పగించారు. కొత్తవి నీడపట్టున, పొడిగా, సగం ఛార్జింగ్‌తో ఉంటున్నాయి. ఒక్కటీ ఉబ్బలేదు. మంజుల రోజుకు ఇరవై ఎకరాలకు మందు కొడుతోంది. సమావేశాల్లో రాణి తన కుర్చీలో తానే కూర్చుంటోంది.

ఊరు మాత్రం తీవ్ర విచారంలో ఉంది. మొన్న తన మూడెకరాల వరికి అరగంటలో మందు కొట్టించుకుని, మంజులకు చల్ల ముంత అందిస్తూ భూమవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఏమన్న అను బిడ్డా, పాపం పరశురాములు! ఆయన పదవిని పెండ్లామే గుంజుకున్నది."