రెండో థర్మోస్టాట్

శనివారం పొద్దున ఆంజనేయప్రసాద్ వేసుకున్న ప్రణాళిక చిన్నది: పెరటి షెడ్డులో థర్మోస్టాట్ పెట్టించడం, కాఫీ తాగడం, ఆ తర్వాత దాని గురించి ఆలోచించకపోవడం. మూడోది తన వల్ల కాదని అతనికి లోలోపల తెలుసు.

2010 డిసెంబర్. బెల్‌ఫాస్ట్ మొత్తం గడ్డకట్టి ఉంది. ఇంటిని వెచ్చబరిచే ఆయిల్ బాయిలర్, పంపు, పైపులు అన్నీ ఆ షెడ్డులోనే. కిందటి చలికాలం పంపు గడ్డకట్టినప్పుడే భార్య నాగజ్యోతి చెప్పేసింది: "ఇంకొక్కసారి ఇట్లయితే ఫ్లాట్‌కి మారిపోదాం." పెరడున్న ఈ ఇల్లు ప్రసాద్ పట్టుబట్టి తీసుకున్నది. పైగా అనంతపురం నుంచి అత్తగారు వచ్చి ఉన్నారు.

ప్లంబర్ బిల్లీ రెండు థర్మోస్టాట్లు తెచ్చాడు. ఒకటి షెడ్డులో గాలి బాగా చల్లబడితే బాయిలర్‌ను వెలిగిస్తుంది. రెండోది పైపుకు కట్టేది. పైపు వేడెక్కగానే ఇక చాలని ఆపేస్తుంది.

"మొదటిది పెట్టు. ఆపడం దేనికి?" అన్నాడు ప్రసాద్.

బిల్లీ వాదించలేదు. అతను ఆ రోజు ఇంకా పదకొండు ఇళ్ళకు వెళ్ళాలి.

థర్మోస్టాట్ మీద చిన్న ఎర్ర దీపం ఉంది. చలిగా ఉంది, బాయిలర్ వెలగాలి అని దాని అర్థం. ప్రసాద్ మాత్రం దాన్ని చూసి, అంతా క్షేమం అనుకున్నాడు. కంటికి కనబడనిది జరుగుతోందని నమ్మడం అతని మనసుకు ఏనాడూ చేతకాలేదు. పది నిమిషాలకోసారి వెళ్ళి చూశాడు. నాలుగోసారి మంచు మీద జారిపడ్డాక, షెడ్డు తలుపు బార్లా తెరిచి ఇటుక అడ్డం పెట్టాడు. ఇప్పుడు వంటింటి కిటికీలోంచే దీపం కనబడుతోంది.

చలిగాలి నేరుగా థర్మోస్టాట్‌కు తగిలింది. దీపం ఇక ఆరలేదు. మధ్యాహ్నానికి ఇల్లు ఉడికిపోయింది.

"ఏమే నాగీ, చలి దేశమంటివి. మన మే నెల మాదిరుంది కదే!" అంటూ అత్తగారు వెంకటరమణమ్మ కిటికీలన్నీ తెరిచింది.

"ఏమండీ, హీటింగ్ ఆపండి!"

"ఆపితే ఇంకేమన్నా ఉందా? దీపం చూడు, ఎంత బాగా పనిచేస్తోందో!"

కాసేపటికి పక్కింటి మేరీ ఆంటీ నల్లకోటు వేసుకుని, ట్రే నిండా సాండ్‌విచ్‌లతో వచ్చింది. వెనకాల మరో ముగ్గురు.

"ఎవరమ్మా పోయింది?" అంది మేరీ ఆంటీ, నాగజ్యోతి చేయి పట్టుకుని.

ఆ వీధిలో పాతకాలపువాళ్ళు ఇంట్లో ఎవరైనా పోతే, ఆత్మ వెళ్ళేందుకు కిటికీలు తెరుస్తారట. ఎవరూ పోలేదని చెప్పినా వాళ్ళు వెంటనే లేవలేదు. తెచ్చిన సాండ్‌విచ్‌లు తినాలి కదా. వెంకటరమణమ్మ వాళ్ళకు పులిహోర పెట్టింది. మేరీ ఆంటీ కారానికి వచ్చిన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ పెట్టించుకుంది.

సాయంత్రానికి ఇల్లు చల్లబడింది. "ఇప్పుడు సుఖంగా ఉంది నాయనా," అని అత్తగారు పడుకుంది. కిటికీలు తెరిచినందువల్లే చల్లబడిందనుకున్నాడు ప్రసాద్. దీపం వెలుగుతూనే ఉంది. నెల రోజుల తర్వాత అతనికి హాయిగా నిద్ర పట్టింది.

తెల్లారి షెడ్డులోకి వెళ్తే దీపం వెలుగుతూనే ఉంది. మంగళవారం దాకా సరిపోవలసిన ఆయిల్ నిన్న సాయంత్రానికే అయిపోయింది. పంపు గడ్డకట్టింది.

ట్రే తీసుకెళ్ళడానికి మేరీ ఆంటీ వచ్చింది. "ఎవరూ పోలేదన్నారు, మరి ఆ మొహాలేంటి?"

"నిన్న పోలేదు ఆంటీ. ఈరోజు పోయింది. పంపు," అంది నాగజ్యోతి.

అరగంటలో నిన్నటి నలుగురూ ఆయిల్ డబ్బాలతో, హెయిర్ డ్రయ్యర్లతో దిగారు. బిల్లీ కూడా వచ్చాడు. మధ్యాహ్నానికి పంపు కదిలింది. ప్రసాద్ భార్య మొహంలోకి చూడలేక, ఫ్లాట్ మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"పిలవకుండా వచ్చే ఇట్లాంటోళ్ళు ఫ్లాట్‌లో ఎక్కడ దొరుకుతారు? ఇక్కడే ఉందాం," అంది నాగజ్యోతి. "కానీ ఆ రెండోది పెట్టించండి."

బిల్లీ రెండో థర్మోస్టాట్‌ను పైపుకు బిగించి, షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి అత్తగారి చేతికిచ్చాడు.