తొడుగు వేసిన సోలార్

నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక. ఒత్తులు తప్పితే సర్దుకోండి. కథ నెమ్మదిగా నడిస్తే నా చేతివేగం అంతేనని అనుకోండి.

బస్సు నడపడం మానేశాక మా పక్కింటి డ్రైవరుకు చేతులు ఊరుకోలేదు. గడియారాలు విప్పాడు, ఫ్యాన్లు విప్పాడు, చివరికి సోలార్ మీద పడ్డాడు. పెయింటరు దగ్గర నిచ్చెన అడిగి తెచ్చి, మెట్లగది పైకప్పు మీద ప్యానెల్‌ను స్వయంగా బిగించాడు. మర్నాడు లైన్ల మరమ్మతు, సాయంత్రం దాకా కరెంటు ఉండదు. ఆయన భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆ సాయంత్రం బడి మూసేలోగా మిగిలినవి అందించకపోతే వచ్చే ఏటి పని వేరేవాళ్లకు పోతుంది. తన సోలార్ ఉండగా మిషన్ ఆగే ప్రశ్నే లేదని ఆయన మాటిచ్చాడు. ఆ ధీమాతోనే మిషన్‌కు మోటారు పెట్టి, కాలితో తొక్కే పెడల్‌ను పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు.

పొద్దున్నే కరెంటు పోయింది. ఆమె స్విచ్ వేసింది. మిషన్ ఉలకలేదు, పలకలేదు. బ్యాటరీ కొత్తది కదా, కాస్త ఎండ తాగనిమ్మన్నాడు డ్రైవరు. ఎండ నెత్తికెక్కుతున్నా మీటరు ముల్లు సున్నా దగ్గరే కూర్చుంది. వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాడు. తన పనిలో తప్పు ఉండదు కాబట్టి తప్పు బయటెక్కడో ఉండాలని తేల్చుకుని డాబా ఎక్కాడు. నిచ్చెనను తెల్లవారగానే పెయింటరు పట్టుకుపోయాడు, అందువల్ల పైనున్న ప్యానెల్ కనిపించలేదు. కనిపించిందల్లా పక్కనే ఒక అంతస్తు ఎత్తున్న లెక్కల మాస్టారి మేడ, దాని మీద నల్లటి నీళ్ల ట్యాంకు. దొంగ దొరికాడు.

డ్రైవరు ట్యాంకు జరపమనగానే మాస్టారు గోడ మీద సుద్దతో సూర్యుణ్ని గీసి, ట్యాంకు నీడ ఇటువైపు రానే రాదని నిరూపించారు.

"మీ లెక్కలకు బల్బు వెలగదు మాస్టారూ."

"ట్యాంకు జరిపాక కూడా వెలగకపోతే?"

"ప్యానెల్ పీకి మీ గేటుకు బిగిస్తాను. సరేనా?"

మాస్టారికి రోషం వచ్చింది. పెయింటరునూ అతని మనుషులనూ పిలిపించి, ట్యాంకు ఖాళీ చేయించి, ఎదురు మూలకు లాగించారు. నీళ్లు మెట్ల మీదుగా వీధిలోకి పారాయి. ఇంట్లో కుళాయి ఆగిపోయి, స్నానానికి వెళ్లిన మాస్టారి బావమరిది ఒంటినిండా సబ్బుతో తలుపు సందులోంచి అందరినీ పేరుపేరునా తిట్టాడు. ఇక్కడ ముల్లు మాత్రం కదల్లేదు.

చివరికి పెయింటరు నిచ్చెన వేసి మెట్లగది పైకి ఎక్కాడు. కాసేపు చూసి, కిందకు వంగి అడిగాడు.

"అయ్యా, దీనికి చొక్కా తొడిగారేంటి?"

దళసరి నీలం గుడ్డ. చుట్టూ ఎలాస్టిక్. కొలత వెంట్రుకవాసి తేడా లేదు. డ్రైవరు భార్యను పిలిపించారు. ఆమె టేపు మెడలో వేసుకునే వచ్చింది.

"కొత్త వస్తువు. రోజంతా ఎండలో మాడితే రంగు వెలిసిపోదూ? నిచ్చెన పట్టుకుపోకముందే ఎక్కి తొడిగొచ్చా."

ఆ ఇంట్లో రిమోటుకు, మిక్సీకి, ఆఖరికి ఆ బ్యాటరీకి కూడా తొడుగు ఉంది. కొత్తది ఏది కొన్నా ముందు తొడుగు కుట్టమని పోరేది డ్రైవరే.

తొడుగు తీశారు. ముల్లు లేచింది. డ్రైవరు కాలర్ సర్దుకుని, ఇక చూడండన్నట్టు అందరివైపూ తిరిగాడు. అందరూ చూస్తూ ఉండగానే ముల్లు మెల్లగా పడుకుంది. పొద్దు పడమటికి వాలింది. ఎదురు మూలకు చేరిన ట్యాంకు నీడ ఈసారి నిజంగానే ప్యానెల్ మీద పరుచుకుంది.

"మాస్టారూ, ఆ ట్యాంకు..." అని నసిగాడు డ్రైవరు.

"మా బావమరిది ఇంకా సబ్బుతోనే ఉన్నాడు" అన్నారు మాస్టారు.

డ్రైవరు భార్య మిషన్ దగ్గరకు వెళ్లింది. సగం కుట్టిన చొక్కాలను మడతపెట్టడం మొదలుపెట్టింది. అది చూసి మాస్టారి భార్య గబగబా దిగి వచ్చింది.

"మా ఇన్వర్టరు నిన్నే నిండింది చెల్లీ. మిషన్ మా హాల్లో పెట్టేయ్."

మిషన్‌ను ఒక పక్క డ్రైవరు, ఇంకో పక్క మాస్టారు పట్టుకుని మోశారు. బడి గంట కొట్టేలోపు యూనిఫారాలు చేరాయి, వచ్చే ఏటి పనీ ఖాయమైంది.

మర్నాడు ట్యాంకు మళ్లీ తన చోటికి చేరింది. ప్యానెల్‌కు ఇప్పుడు రోజంతా ఎండే, మిషన్ మాత్రం మాస్టారి హాల్లోనే ఉంది.

— అందరూ పిలిచే పేరు పెద్దమ్మ, డెబ్బై ఒకటో ఏడు, ప్రస్తుతం మాస్టారి ఇంటి వెనక వాటాలో