వంటింటి తలుపుల రంగు

చిక్కడపల్లిలో ఓ ఆదివారం పొద్దున వీరరాఘవరావుగారు కాఫీ తాగుతూ ఒక నిర్ణయానికొచ్చారు. వంటింటి అలమర తలుపులకు రంగు తనే వేస్తారు.

"పెయింటర్ని పిలవండి" అంది భార్య రత్నమాల.

"కలం పట్టినవాడికి కుంచె పట్టడం రాదా?"

పలుపు పట్టినవాడల్లా పాలు పితకలేడని ఆమెకు తెలుసు. కానీ పొయ్యి మీద పప్పు పొంగుతోంది. వెళ్ళిపోయింది.

సాయంత్రం గల్లీ సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ పదవి రావుగారిదే. ఆయన ఎటువైపో ఎవరికీ తెలియకపోవడమే అందుకు కారణం. రాష్ట్రం కలిసుండాలా, విడిపోవాలా అని ఇడ్లీబండి దగ్గర కూడా జనం రెండు జట్లయిన 2011లో, ఎవరేమన్నా ఆయన "అదీ నిజమే" అనేవారు. ఆ కుర్చీ ఆ మాట మీదే నిలబడి ఉంది.

పాత ఆకుపచ్చ రంగును ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, నారాయణగూడలో కొన్న ప్రైమర్ పూసి, తలుపులను వీధిగోడకు ఆనించి ఎండబెట్టారు. చెక్కకు పూసే ఆ ప్రైమర్ గులాబీ రంగులో ఉంది. ఆ రోజుల్లో గులాబీ ఒట్టి రంగు కాదు, తెలంగాణ అడిగేవాళ్ళ జెండా.

పాలప్యాకెట్లతో వస్తున్న ఎదురింటి ఇంద్రసేన టక్కున ఆగిపోయాడు.

"రావు సాబ్! మనసుల గింత ప్రేమ వెట్టుకొని ఇన్నొద్దులు చెప్పకపోతిరి!"

"అబ్బే, ఇది ప్రైమరండీ..."

"ఏదన్న గానీ సార్, దిల్ ఉండాలె. మీరు మావోళ్ళే!" అని కౌగిలించుకుని, గల్లీ అంతా వినబడేలా ఫోన్లు చేశాడు.

కాసేపటికే మూలింటి రాఘవేంద్ర దిగాడు. ఆయనా రావుగారిలాగే గుంటూరు వైపువాడు. తలుపుల వంక చూడకుండా మాట్లాడాడు.

"మాకొక్క ముక్క చెప్పుంటే మేమూ సర్దుకునేవాళ్ళం కదండీ. సాయంత్రం సంగతి మేమూ ఆలోచించుకుంటాం లెండి."

మళ్ళీ కూర్చోకముందే కుర్చీ కదిలింది. ప్రైమర్ ఆరకుండానే రావుగారు మీగడ రంగు డబ్బా తెరిచి గబగబా పూసేశారు. ఎండలో మీగడ కాస్తా పసుపులా మెరిసింది. పసుపు రాఘవేంద్ర అభిమానించే పార్టీది. రాఘవేంద్ర ముఖం వికసించింది. ఇంద్రసేన ముఖం మాడింది.

"పొద్దుగాల ఒకటి, పగటికి ఒకటా సార్? ఊసరవెల్లికి గూడ జర టైం పడ్తది!"

ఈలోగా పైనున్న పసుపు అడుగున పచ్చిగా ఉన్న గులాబీని కలుపుకుని కాషాయమైంది. భజన మండలి బుగ్గయ్య చూసి చేతులు జోడించాడు.

"వైరాగ్యం వచ్చినట్టున్నది రావుగారూ. మాతోని కాశీకి రాండ్రి. మీ టికెట్టు గూడ తీస్త."

మధ్యాహ్నానికి ఎండకు రంగు ఆరింది, గేటు ముందు మూడు గుంపులు చేరాయి. రావుగారు మూడు వైపులకూ తిరిగి "అదీ నిజమే" అన్నారు. ఈసారి అది మూడు వైపులా బెడిసికొట్టింది. లోపల తలుపుల్లేని అలమరలో పిల్లి దూరి నెయ్యిగిన్నె దొర్లించింది. రత్నమాల ఉప్పుకాగితాల కట్టతో బయటికొచ్చింది.

"ఇంద్రసేనగారూ, మీకు పసుపు కదూ కిట్టనిది? ఇదుగో, గీకండి. రాఘవేంద్రగారూ, గులాబీ మీ వంతు. బుగ్గయ్యగారూ, మీకు కాషాయం ఇష్టమేగా, తలుపు కదలకుండా పట్టుకోండి. ఏమండీ, మీరు అడ్డు లేవండి."

పంతం ముందు ఉప్పుకాగితం నునుపే. ఎదుటివాడి రంగు చుక్క కూడా మిగలకూడదని ఇద్దరూ రుద్దిన రుద్దుడుకు ఏళ్ళనాటి ఆకుపచ్చ కూడా లేచిపోయి, అడుగున అసలైన టేకు బయటపడింది. ఏ పెయింటరూ అంత నున్నగా తీసి ఉండడు. రత్నమాల అందరికీ పులిహోర పెట్టి, వార్నిష్ తనే పూసుకుంది.

సాయంత్రం సంఘం కూర్చుంది. "గల్లీని సంభాళించెటోళ్ళు దొరికిండ్రు" అని ఇంద్రసేన రత్నమాల పేరు చెప్పాడు. రాఘవేంద్ర బలపరిచాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం ఆ ఏడాదికి అదే మొదలు. చీటీలు వేశారు. ఒక్కటి తప్ప అన్నీ ఆమెకే పడ్డాయి.

ఆ ఒక్కటీ ఎవరిదో వీరరాఘవరావుగారు ఈ రోజుకీ చెప్పలేదు.