సాంబమూర్తి గారి ముందు గార్డు

బెంజ్ సర్కిల్ పరిసరాల్లో అడవి ఏనుగుల బెడద ఇప్పటివరకు నమోదు కాలేదు. అయినా చేనేత వస్త్రాల వ్యాపారి సాంబమూర్తి గారు దూరదృష్టితో తన కొత్త జీపుకి ముందు భాగాన లావుపాటి ఇనప గార్డు ఒకటీ, దాని మీద ఒక వరస స్పాట్ లైట్లూ, చాలవేమోనని టాపు మీద ఇంకో వరసా బిగించుకున్నారు.

ఆ జీపు కొండలెక్కడానికీ, వాగులు దాటడానికీ తయారైనది. సాంబమూర్తి గారు దాన్ని ఇంటి నుంచి కొట్టుకీ, కొట్టు నుంచి ఇంటికీ నడుపుతారు. మధ్యలో ఎత్తయిన ప్రదేశం అంటూ ఉంటే అది ఫ్లైఓవరే. దగ్గర్లో కొండ కావాలంటే కొండపల్లి ఉంది కానీ, అక్కడికి ఆయన బస్సులో వెళ్తారు. బండికి దుమ్ము పడుతుందని.

ఇంత ఏర్పాటు ఎందుకో చెప్పాలి. సాంబమూర్తి గారు మెత్తటి మనిషి. బేరంలో కూడా గొంతు పైకి లేవదు. కారు నడిపిన ఇన్నేళ్లలో ఆయనకు దారి ఇచ్చినవాడు లేడు. ఆటోలు అడ్డంగా దూరిపోయేవి. స్కూటర్ల మీది కుర్రాళ్లు "ఏం అంకుల్, నిద్రపోయారా?" అని కుశలం అడిగి మరీ పోయేవారు. ఓసారి సర్కిల్ దగ్గర మలుపు తిరగడానికి సందు దొరక్క, సిగ్నల్ వెనక సిగ్నల్ మారిపోతుంటే, ఇంటికి ఫోన్ చేసి "మీరు భోంచేసెయ్యండి" అని చెప్పిన చరిత్ర ఆయనది.

ఈ బాధకు మందు చెప్పినవాడు బళ్లకు హంగులు బిగించే ఇశ్రాయేలు.

"గార్డు పెట్టించండి సార్. ఇంక మీరు హారన్ కూడా కొట్టక్కర్లేదు."

"రూల్స్ ఒప్పుకోవంటున్నారు కదయ్యా?"

"రూల్సు గార్డు లేని బళ్లకి సార్" అన్నాడు ఇశ్రాయేలు నిజాయితీగా.

ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు బండి చుట్టూ తిరిగి చూసి, "మనం పోయేది కొట్టుకీ, రైతు బజారుకీ. దారిలో ఎవర్ని గుద్దాలండీ?" అని అడిగారు. మహత్కార్యాలు తలపెట్టినవారికి ఇంట్లో ఇలాంటి ఆటంకాలు మామూలే.

ఫలితం మర్నాడే కనిపించింది. ఆటోలు ఒద్దికగా పక్కకి జరిగాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన టీ గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకుని సెల్యూట్ చేశాడు. లోపల ఎవరున్నారో ఎవరూ చూడలేదు. చూడాల్సింది బయటే ఉంది కదా.

అలా ఉండగా ఉయ్యూరులో బంధువుల గృహప్రవేశానికి వెళ్తూ, దారిలో ఒక ఊరి దగ్గర కొబ్బరి బోండాం కోసం ఆగారు. బండిని చూసి ఒకావిడ చెరుకు తోటలోంచి పరుగున వచ్చింది. పేరు శౌరమ్మ. కౌలు రైతు.

"అయ్యా, తమరు మంత్రి గారి తాలూకానా?"

"కాదమ్మా. నాది చీరల కొట్టు."

"చీరల కొట్టుకి ఇన్ని లైట్లెందుకండీ?"

"ఊరికే."

శౌరమ్మ నమ్మలేదు. పెద్దవాళ్లు పేరు దాచుకుని తిరుగుతారని ఆమెకు తెలుసు. తన గోడు చెప్పుకుంది. డ్రైను మీద కల్వర్టు కూలిపోయింది. నరికిన చెరుకు ఫ్యాక్టరీకి చేరాలంటే ఊళ్లన్నీ చుట్టి పోవాలి. ఆలోగా గడ ఎండి తూకం పడిపోతోంది. కిందటేడు అడ్డదారిన ట్రాక్టరు దింపబోయి ఆమె పెనిమిటి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"చూద్దాం" అన్నారు సాంబమూర్తి గారు. కాదనడం చేతకాక అన్నారు. శౌరమ్మ దండం పెట్టింది. అచ్చం మంత్రి గారి మాటే.

ఆ దండం ఆయన్ని వదల్లేదు. జీవితంలో ఆయన్ని జనం తగ్గింపు ధర తప్ప మరొకటి అడిగి ఎరగరు. నాలుగు రోజులు మథనపడి, జీపు కడిగించుకుని, సంబంధిత కార్యాలయానికి బయల్దేరారు. ఏ కార్యాలయమో చెప్పడం మర్యాద కాదు.

గేటు దానంతటదే తెరుచుకుంది. అధికారి మెట్లు దిగి వచ్చారు. మీరెవరని అడగలేదు. అంత పెద్ద గార్డు ఉన్న మనిషిని పేరడగడం సభ్యత కాదు. "అన్నదాత కంట నీరు కారితే ఈ కార్యాలయం చూస్తూ ఊరుకోదు" అని ప్రసంగించి, కల్వర్టు మంజూరు చేశారు. వారం తిరక్కుండా డ్రైను గట్టున సిమెంటు తూములు దిగాయి.

ఇంతలో ఒక అనూహ్య సంఘటన జరిగింది. రోడ్డు మీద తనిఖీ చేస్తున్న ఒక ఉద్యోగి, చట్టం చదివినవాడు కాబోలు, జీపు ఆపి గార్డూ లైట్లూ అక్కడికక్కడే ఊడదీయించాడు. ఇది పొరపాటేమోనని పైవారు కంగారుగా విచారించారు. బండి ఎవరిదీ కాదని తేలడంతో, పొరపాటు కాదని నిర్ధారించారు.

కబురు కాంట్రాక్టరుకి చేరింది. పని సగంలో ఆగింది. బోసి జీపులో సాంబమూర్తి గారు మళ్లీ కార్యాలయానికి వెళ్తే, వాచ్‌మన్ గేటులోనే ఆపాడు.

"అయ్యగారు మీటింగులో ఉన్నారు. చీరలైతే దసరా ముందు తీసుకురండి."

"నేను చీరల కోసం రాలేదయ్యా. అక్కడ చెరుకు ఎండిపోతోంది!" సాంబమూర్తి గారు అరిచారు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి అరుపు.

"గట్టిగా మాట్లాడితే బాగోదండీ" అన్నాడు వాచ్‌మన్. నిజమే, బాగోలేదు. గార్డు లేని గొంతు అది.

సిగ్గుతో కుంగిపోయి శౌరమ్మ దగ్గరికి వెళ్లారు. "నేను ఎవర్నీ కానమ్మా. మొదటే చెప్పాను."

"చెప్పారు లెండి. ఆ ఇనపది ఏం చేశారు?"

"కొట్టు వెనక పడేశాను."

"దాన్ని పంపించండయ్యా. మీరు రాకపోయినా పర్లేదు."

పంపారు. ఊళ్లోవాళ్లు చెరుకు తోలే లక్ష్మీకాంత్ ట్రాక్టరుకి గార్డూ లైట్లూ కట్టి కార్యాలయానికి పంపించారు. గేటు తెరుచుకుంది. అధికారి మెట్లు దిగారు. లుంగీలో ఉన్న లక్ష్మీకాంత్ నోట్లో కిళ్లీ ఉండటం వల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ గాంభీర్యానికి అధికారి వణికిపోయి, కల్వర్టు నెలాఖరుకల్లా పూర్తి చేయిస్తానని మాటిచ్చారు. పూర్తి చేయించారు కూడా.

ప్రారంభోత్సవం నాడు శౌరమ్మ పట్టుబట్టి సాంబమూర్తి దంపతులను పిలిపించింది. ముందు వరసలో మధ్య కుర్చీ ఆయనదే. రిబ్బను కోయాల్సిందీ ఆయనే. కొత్త పంచె కట్టుకుని, చెమట తుడుచుకుంటూ, రెండు ముక్కలు మాట్లాడటానికి లోలోపల వల్లె వేసుకుంటున్నారు.

అప్పుడొచ్చింది ఒక నల్లటి బండి. దాని గార్డు ముందు సాంబమూర్తి గారి గార్డు పళ్లెం స్టాండులా ఉంటుంది. పట్టపగలే లైట్లన్నీ వెలుగుతున్నాయి. బండి ఆగి, నల్ల కళ్లద్దాల యువకుడొకడు దిగాడు. డప్పులు మోగాయి. అధికారి పరుగున వెళ్లి దండ వేశారు. కత్తెర చేతిలో పెట్టారు. యువకుడు అయోమయంగా రిబ్బను కోసి, "పెనమలూరు ఎటండీ? పెళ్లి భోజనానికి పోవాలి" అన్నాడు. ఆ ప్రశ్నలో దాగిన అభివృద్ధి దృక్పథాన్ని అధికారి చాలాసేపు వివరించారు.

"ఏమనుకోకండయ్యా" అని సాంబమూర్తి గారి చెవిలో చెప్పి, శౌరమ్మ కొత్తాయన వైపు నడిచింది. "బడి గోడ సంగతి ఆయనకి చెప్పుకోవాలి."

మధ్య కుర్చీ కొత్తాయనకి ఎవరు ఖాళీ చేశారని విచారిస్తే, సాంబమూర్తి గారే అని తేలింది. ఎవరూ లేవమనలేదు. బండి మలుపు తిరగ్గానే లేచి, కుర్చీ పైకండువాతో తుడిచి మరీ పక్కకి నిలబడ్డారట.

"ఎవరండీ ఆ అబ్బాయి?" అని అడిగారు సుందరి గారు.

"ఏమో, నాకు తెలీదు."

"తెలీకుండానే ఎందుకు లేచారు?"

సాంబమూర్తి గారు భార్య వైపు చూశారు.

"నువ్వూ నిలబడే ఉన్నావు కదా" అన్నారు.