ఈ కార్డు వల్ల ఏ హక్కూ రాదు

కౌలు రైతును కాపాడే విషయంలో మన వ్యవస్థ ఇక మెరుగుపడే అవకాశం లేనంతగా మెరుగుపడింది. పొలం చేసే ప్రతి ఒక్కరికీ కార్డు ఇస్తారు. ఆ కార్డు ఎవరి నుంచి కాపాడాలో ఆ యజమాని చేత సంతకం పెట్టించుకొస్తే చాలు.

కోవూరు దగ్గర మగ్దలీనమ్మ పదేళ్లుగా పద్మనాభయ్య గారి మూడెకరాలు కౌలుకు చేస్తోంది. పోయినేడు తుపానుకు వరి మునిగితే పరిహారం పద్మనాభయ్య గారికి వచ్చింది. (వాన పడినప్పుడు ఆయన నెల్లూరులో మిద్దె మీద ఉన్నారు. అయినా రికార్డుల ప్రకారం మునిగింది ఆయనే.) ఈసారైనా పంట తన పేర ఎక్కాలని ఆమె కార్డు దరఖాస్తు పట్టుకుని ఆయన సంతకం కోసం ఇంటికి వెళ్లింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అడుగు దాకా చదివారు. ‘ఈ కార్డు వల్ల భూమిపై ఏ హక్కూ రాదు’ అని ఉంది.

“రాకపోతే ఇంత లావు అక్షరాలతో ఎందుకు రాసినారు?”

“మీరు భయపడకూడదని రాసినారయ్యా.”

“అది చదివినాకే భయమేస్తా ఉండాది.”

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆయన భార్య వెంకటశేషమ్మ తలెత్తింది. “పదేళ్లుగా చేస్తా ఉండాది గదా. ఒక సంతకం పెట్టేస్తే పోలా?”

“పదేళ్లుగా చేస్తా ఉండాది కాబట్టే!”

మగ్దలీనమ్మ మండల ఆఫీసుకు వెళ్లింది. కౌలు సౌభాగ్య పర్యవేక్షకులు సుశీల్ కుమార్ గారు సానుభూతితో విన్నారు. (సానుభూతికి యజమాని సంతకం అక్కర్లేదు.)

“కార్డు లేకపోతే నువ్వు కౌలు రైతువే కాదమ్మా.”

“మరి పొలంలో ఏం చేస్తుండానయ్యా?”

ఆయన నియమావళి తిరగేశారు. “అక్రమంగా తిరుగుతుండావు.”

అయితే తన ఫిర్యాదు రాసుకోమంది ఆమె. ఫిర్యాదు చేసే అర్హత కార్డుదారులకే ఉంది. ఆ ఊళ్లో కౌలు రైతులు ఎవరూ లేరని నివేదిక వెళ్లింది. లేనివారిలో ఒక్కరికీ అన్యాయం జరగలేదు కనుక కౌలు రక్షణలో ఆ ఊరికి మండలంలో మొదటి స్థానం వచ్చింది.

ఆమె ఆఫీసు మెట్లెక్కిన సంగతి పద్మనాభయ్య గారికి తెలిసింది. పొలం ఇంకో రైతు గంగులయ్యకు కౌలుకు ఇస్తున్నానని కబురు పెట్టారు. అప్పటికే ఆమె నారు పోసి ఉంది. పరుగున వచ్చింది.

“నీకే ఇస్తాలే. ఈ బాండు పేపరు మీద సంతకం చెయ్,” అన్నారాయన. సర్వే నంబరుతో సహా అందులో ఉన్నది ఇంతే: ‘ఈ మూడెకరాలను నేను ఏనాడూ సాగు చేయలేదు, ఇప్పుడూ చేయడం లేదు.’

పదేళ్లలో ఆమె పేరూ ఆ పొలం నంబరూ పక్కపక్కన కనిపించిన మొదటి కాగితం అదే. ఆమె సంతకం పెట్టి, నారు ముదిరిపోతుందని ఆ పొలంలోకే నాట్లకు దిగింది.