నడిమిపాలెం శంకుస్థాపనలు

కాకినాడ తీరం పెట్టుబడిదారుల పాలిటి స్వర్గమని తీర పెట్టుబడుల ఆకర్షణ మండలి ప్రకటించింది. ఈ సంగతి పెట్టుబడిదారులకు ఇంకా పూర్తిగా తెలియలేదు గానీ, తెలియజెప్పడానికి మండలి పడుతున్న శ్రమ చూస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. మండలి అచ్చు వేయించిన నున్నటి పుస్తకంలో రేవు ఉంది, గ్యాసు ఉంది, ఎరువులున్నాయి, చేపలున్నాయి, నవ్వుతూ నిలబడ్డ యువత ఉంది. ఆఖరి పేజీలో పెద్దక్షరాలతో ఒక మాట ఉంది: "ఇతర నగరాల్లో పరిశ్రమ సముద్రం దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ సముద్రమే పరిశ్రమ దగ్గరికి వస్తుంది."

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఉప్పాడ వైపు వెళ్లే దారిలో ఎవరిని అడిగినా అవునంటారు. పాత రోడ్డు ఎక్కడుండేదో కూడా వేలు పెట్టి చూపిస్తారు, నీళ్లలోకి.

నడిమిపాలెం ఆ దాపులోనే ఉంది. ముందుపాలేనికీ వెనకపాలేనికీ నడుమ ఉంది కనుక ఊరికా పేరు వచ్చింది. ముందుపాలెం ప్రస్తుతం చేపల వాడకంలో ఉంది. ఆ విధంగా నడిమిపాలెం ఏ ప్రయత్నమూ లేకుండానే మొదటి వరసకు పదోన్నతి పొందింది. ఊళ్లో మొదటి ఇల్లు అమ్మిరాజు గారిది. ఇంటికి ముందు ఒకప్పుడు ఆయన కొబ్బరితోట ఉండేది. ఇప్పుడు వసారాలో కూర్చుంటే ఏ చెట్టూ అడ్డం లేకుండా సముద్రం కనిపిస్తుంది. ఇలాంటి దృశ్యం కోసం పెద్ద పెద్ద హోటళ్లలో జనం డబ్బు పోస్తారట. అమ్మిరాజు గారికి ఊరికే వచ్చింది.

ఆయనకు కావలసింది ఒక్కటే, ఆ ఇల్లు నిలవాలి. తోట పోయినప్పుడు ఆయన ఏడవలేదు. వసారా మెట్టు మీదికి మొదటిసారి నురగ వచ్చిన రోజున మాత్రం, భార్య చిన్నమ్మాయి గారు చూడకుండా పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నారు. ఒడ్డున రాళ్లు వేయించండి బాబూ అని ఆయన ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ప్రతిచోటా కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. రాళ్ల విషయం సాంకేతిక పరిశీలనలో ఉందన్నారు. అడగ్గా అడగ్గా, ఎవరు పరిశీలిస్తున్నారన్న విషయం కూడా పరిశీలనలో ఉందని తెలిసింది.

సరిగ్గా అప్పుడే నడిమిపాలేనికి డేటా సెంటర్ వచ్చింది. అంటే దాని శంకుస్థాపన వచ్చింది.

ఒడ్డున షామియానా వేశారు. అమాత్యుల వారు వేంచేశారు. వెంట ఒక పెట్టుబడిదారుణ్ని కూడా తెచ్చారు. ఆయనకు ఉప్పాడ పట్టు కండువా కప్పి, కాజాల పెట్టె చేతికిచ్చి, ఎండలో కూర్చోబెట్టారు. "ఈ సముద్రం సాక్షిగా చెబుతున్నాను! ఇక్కడ వేసిన పునాది తరతరాలు నిలుస్తుంది!" అని అమాత్యుల వారు గర్జించారు. సముద్రం అన్నీ వింది. ఇటుకల దిమ్మె మీద నిలబెట్టిన నల్లరాతి ఫలకం మీది తెర తొలగింది. మనిషెత్తు రాయి, నిండా పేర్లు. అందరూ చప్పట్లు కొట్టారు. పెట్టుబడిదారుడు కాజాలు పట్టుకుని కారెక్కాడు. అటు తర్వాత ఆయన సంగతి ఎవరికీ తెలియదు.

అమావాస్య పోటుకు దిమ్మె కూలి, ఫలకం ఇసుకలో బోర్లా పడింది. ఆ తెల్లారి చిన్నమ్మాయి గారు ముగ్గు చిప్ప పట్టుకుని వచ్చి, వసారాలోనే ఆగిపోయారు.

"ఏవండీ, ఒకసారిలా రండి. మెట్టు ఆరిపోయుందేంటండీ?"

అమ్మిరాజు గారు వచ్చి చూశారు. నిజమే. కెరటం రాయి దాకా వస్తోంది, దాన్ని కొట్టుకుని పక్కకు పోతోంది. రాయి వెనకాల ఇసుక నిలబడింది. మండలి చరిత్రలో కావలసిన చోట కావలసిన పని జరగడం అదే మొదలని ఆయనకు తెలియదు. తెలిసినా మండలికి చెప్పేవారు కాదు.

అయితే ఒక్క రాయి ఎంత మేరకు అడ్డం ఉంటుంది? రెండోది కావాలి. రాళ్లు అడిగితే ఇవ్వరు. మరి ఏం అడిగితే ఇస్తారు? అమ్మిరాజు గారు బోర్లా పడ్డ ఫలకం పక్కన చతికిలబడి చాలాసేపు ఆలోచించారు. ఆ పేర్ల వరస ఆయనకు కంఠతా వచ్చు. తలమీద అమాత్యుల వారు, ఆ కింద మండలి అధ్యక్షులు, ఇంకా కింద, ఆహ్వాన సంఘం వారి తర్వాత, చిన్న అక్షరాల్లో శాసనసభ్యుల వారు. మన ప్రాంతంలో మనిషికి అన్నం తక్కువైతే సర్దుకుంటాడు, పేరు కింద పడితే సర్దుకోడు. అమ్మిరాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కాకినాడ బస్సెక్కారు.

"మీ పేరు ఆహ్వాన సంఘం వాళ్ల కింద వేశారండి. నాకెందుకో మనసు చివుక్కుమంది. చెప్పకుండా ఉండలేక వచ్చానండి," అన్నారు శాసనసభ్యుల వారితో.

వారం తిరక్కుండా నడిమిపాలేనికి హైడ్రోజన్ కేంద్రం మంజూరైంది. ఈసారి ఫలకం మీద శాసనసభ్యుల వారి పేరు తలమీద ఉంది, రాయి మొదటిదానికన్నా వెడల్పుగా ఉంది. అది చూసి మండలి అధ్యక్షులు మొహం మాడ్చుకున్నారు. ఆ విషయం కూడా అమ్మిరాజు గారే వెళ్లి, ఎంతో బాధతో, ఆయన చెవిన వేశారు. దాంతో రొయ్యల పార్కు వచ్చింది.

ఇక అభివృద్ధిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఓడల ప్రయాణికుల ప్రాంగణం, నైపుణ్య విశ్వవిద్యాలయం, బొమ్మల తయారీ నగరం వరసగా దిగాయి. ఒక్కో సభకు ఒక్కో పెట్టుబడిదారుడు వచ్చి, కండువా కప్పించుకుని, కాజాలతో వెళ్లేవాడు. సభ అయ్యాక ఊరి మగవాళ్లంతా కలిసి ఫలకాన్ని దిమ్మె మీంచి దించి, గోనె సంచుల మీద దొర్లించుకుంటూ తీసుకెళ్లి, అలలకు అడ్డంగా బోర్లా పడుకోబెట్టేవారు. నిలువుగా ఉంచితే రాయి పోటుకు ఆగదని మొదటి ఫలకమే నేర్పింది. బోర్లా ఎందుకంటే, పెద్దవాళ్ల పేర్ల మీద కాలు పడకూడదు కదా. మర్యాద విషయంలో నడిమిపాలెం ఎన్నడూ వెనక్కి పోలేదు.

ఇంటి వరస చివర ఉండే చినబాబు ఒకరోజు వచ్చి, "మా వైపు ఇంకా గండి ఉందండి. క్యాన్సర్ ఆసుపత్రి ఏమైనా పడుతుందేమో చూద్దురూ," అని ప్రాధేయపడ్డాడు. అమ్మిరాజు గారు అతనికి విమానాల మరమ్మతు కేంద్రం ఇప్పించారు. దాని రాయి బాగా లావు.

రాష్ట్రంలో మరే ఊళ్లోనూ ఇన్ని పరిశ్రమలు లేవని మండలి లెక్క కట్టి ప్రకటించింది. అధ్యయనం చేయడానికి పక్క జిల్లాల నుంచి అధికారులు వచ్చి, బోర్లా పడుకున్న రాళ్ల మీద నడిచి, ఫోటోలు దిగి వెళ్లారు. పరిశ్రమలు ఎక్కడని ఏ ఒక్కరూ అడగలేదు. చదువుకున్నవాళ్లకు ఎక్కడ ఏం అడగకూడదో తెలుసు. ఊరి కుర్రాళ్లు ఎప్పటిలాగే తెల్లవారుజామునే లేచి, పనుల కోసం కాకినాడ ఆటోలెక్కుతూ ఉన్నారు. అమ్మిరాజు గారి వసారా మెట్టు పొడిగా ఉంది.

అంతలో ఒక అపశ్రుతి దొర్లింది. నిజంగా పెట్టుబడి పెట్టే మనిషి వచ్చింది.

ఆ అమ్మాయి పేరు సాయిప్రసన్న. షామియానా లేదు, వెంట అమాత్యులు లేరు, ఆటోలో దిగింది. చేపలకు ఐసు ఫ్యాక్టరీ, పక్కనే చేపలు శుభ్రం చేసి పెట్టెలకెత్తే షెడ్డు పెడుతుందట. ఊళ్లో ఆడా మగా యాభై అరవై మందికి పని ఇస్తుందట. ఒడ్డంతా నడిచి, లోతులు చూసుకుని, అమ్మిరాజు గారి వసారాలోకి వచ్చి కూర్చుంది. చిన్నమ్మాయి గారు మజ్జిగ ఇచ్చారు.

"బాబాయ్ గారూ, స్థలం బాగుందండి. పడవలు ఇక్కడికే వస్తాయి కాబట్టి నాకు ఒడ్డు దాకా దారి కావాలి. ఈ నల్లరాళ్లు తీయించేయొచ్చా?"

అమ్మిరాజు గారు కుర్చీలోంచి సగం లేచారు. "రాళ్లెందుకు తీయడం అమ్మా? అవన్నీ పెద్దపెద్దవాళ్ల శంకుస్థాపనలు."

"తీశాక నేను సరైన గోడ కట్టిస్తానండి. ముందు గోడ, తర్వాతే ఫ్యాక్టరీ. మాటిస్తున్నాను."

ఆయన ఆ అమ్మాయి మొహంలోకి చూశారు. అబద్ధం చెప్పే మొహం కాదు. ఆటోల్లో నిలబడి పోయే ఊరి కుర్రాళ్లు గుర్తొచ్చారు. సరేనందామని నోటి దాకా వచ్చింది. ఆ తర్వాత మెట్టు వైపు చూశారు.

"నువ్వు మంచిదానివేనమ్మా," అన్నారు మెల్లగా. "కానీ నీ మాటలాంటి మాటే అక్కడ ప్రతి రాయి మీదా చెక్కుంది. మాకు మాటతో పని లేదు. రాయితోనే పని."

సాయిప్రసన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచింది. నడిమిపాలెం ఆమెను మర్యాదగానే సాగనంపింది. చేపల పులుసుతో భోజనం పెట్టి, వద్దన్నా వినకుండా మారు వడ్డించి, "ఫ్యాక్టరీ అయితే మాకు అలవాటు లేదండి, శంకుస్థాపన ఏదైనా ఉంటే తప్పకుండా రండి," అని ఆటో ఎక్కించింది. ఆమె ఇంకెక్కడో, ఇంకో రేవులో ఆ ఫ్యాక్టరీ పెట్టుకుంది. అక్కడ గోడ కూడా కట్టిందని చేపల వ్యానుల వాళ్లు చెప్పారు. ఆ మాట విన్న రోజున అమ్మిరాజు గారు అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఆ ఏడే నడిమిపాలేనికి 'పెట్టుబడులకు అత్యంత అనుకూల గ్రామం' బిరుదు ప్రకటించారు. దానికొక స్మారక శిల కూడా. అమ్మిరాజు గారి వాకిలికి ఎదురుగా మిగిలిన ఆఖరి గండి సరిగ్గా ఆ రాయి వెడల్పే ఉంది. ఆ శిల పడితే ఇంటికి ఇక ఢోకా లేదు. సభలో అమాత్యుల వారు ఇదంతా తమ దూరదృష్టి ఫలితమని వినయంగా అంగీకరించారు. "నడిమిపాలెం వైపు ఇవాళ ప్రపంచమే చూస్తోంది!" అన్నారు. ప్రపంచం తరఫున ఇద్దరు విలేకరులు చూశారు. తెర తొలగింది. అమాత్యులు, అధ్యక్షులు, శాసనసభ్యులు, ఆహ్వాన సంఘం, అన్నిటికన్నా అడుగున, బియ్యపు గింజలంత అక్షరాలతో: 'గ్రామ ప్రముఖులు శ్రీ అమ్మిరాజు గారు'.

అమ్మిరాజు గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. రాయి అంటే మందం ఎంతో జాన పెట్టి చూడ్డమే గానీ, దాని మీద తన పేరు చదువుకోవడం ఆయనకు కొత్త. మొదట ఒళ్లు పులకరించింది. మరుక్షణం, అంత అడుగునా అని మనసు చివుక్కుమంది. ఈసారి నిజంగానే చివుక్కుమంది.

సాయంత్రం చినబాబు, మిగతావాళ్లు గోనె సంచులతో వచ్చారు. "పట్టండి బాబూ, బోర్లించేద్దాం."

"ఉండండ్రా," అన్నారు అమ్మిరాజు గారు. "నాలుగు రోజులు నిలబడనీయండి. నిడదవోలు నుంచి మా బావమరిది వాళ్లు చూడ్డానికి వస్తామన్నారు."

"పున్నమి పోటు ఉందండీ మరి."

"నాకు తెలియదేంట్రా పోటు సంగతి?"

చిన్నమ్మాయి గారు ఏదో అనబోయి, ఆయన మొహంలో వెలుగు చూసి, లోపలికి వెళ్లిపోయారు.

పున్నమి పోటు ఎవరి చుట్టాల కోసమూ ఆగలేదు. బోర్లా పడుకున్న అమాత్యులూ అధ్యక్షులూ ఎవరి చోట వాళ్లు కదలకుండా ఉన్నారు. నిలబడ్డ శిల ఒక్కటే వెనక్కి ఒరిగి వెల్లకిలా పడింది, కెరటం దాన్ని పక్కకు ఈడ్చి ఆ గండిలోంచి లోపలికి వచ్చింది. మెట్లు, వసారా, వాకిట్లో ముగ్గు వేసే చోటు, ముందుగది గోడ తీసుకుని తెల్లారేసరికి వెనక్కి వెళ్లింది. మనుషులిద్దరూ పెరటి వైపు నుంచి చినబాబు ఇంటికి చేరారు. ఈ తీరంలో సముద్రం ముందుకొచ్చే వేగం పెట్టుబడిదారుల నమ్మకానికి నిదర్శనమని ఆ నెల మండలి పత్రికలో రాశారు.

చిన్నమ్మాయి గారు సగం ఇంటి ముందు తడి చీరతో నిలబడి ఆ రాయి వైపు చూశారు.

"పేరు మాత్రం చక్కగా కనబడుతోందండీ," అన్నారు.

ఆయన వంగి, ఇసుకలోంచి ముగ్గు చిప్ప తీసి దులిపారు.

పది గంటలకు నిడదవోలు నుంచి బావమరిది సుధాకర్ కుటుంబంతో కారులో దిగాడు. వసారా ఏదని ఎవరూ అడగలేదు. చెప్పులు విప్పి, రాయి చుట్టూ చేరి, ఫోన్లు తీసి ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఫోటోలు దిగారు. పెద్దవి చేసి చూసుకున్నారు. సుధాకర్ అడుగు వరస దాకా రెండుసార్లు చదివి, లేచి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది.

"అంతా బానే ఉంది గానీ బావగారూ, మా అక్క పేరూ, మా పేర్లూ ఎక్కడా లేవేంటండీ?"

అమ్మిరాజు గారు అతని మొహం వైపు చూశారు. ఆ తర్వాత గండి వైపు చూశారు. ఆ పూట మొదటిసారిగా ఆయనకు కాస్త ఊపిరాడింది.

"వేయిద్దాంలే సుధాకర్," అన్నారు. "లావుపాటి రాయి మీద వేయిద్దాం."